బకాసురుడు ఎన్ని ఊళ్ళలో చచ్చాడు?

మహాభారతం ఆదిపర్వం ప్రకారం బకాసురుడు ఒక్కసారే చచ్చాడు. ఏకచక్రపురమనే ఊళ్ళో, బండెడన్నం తోలుకెళ్ళిన భీముడి చేతిలో. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అల్లా ఆ ఏకచక్రపురం ఎక్కడ అన్నదే. బీహారులో ఆరా ఊరివాళ్ళు అది మాదే అంటారు. ఉత్తరప్రదేశ్‌లో ఇటావా దగ్గర చక్రనగర్ వాళ్ళు మాదే అంటారు. మన నిజామాబాద్ జిల్లా బోధన్‌కి పాతపేరు ఏకచక్రపురమని అక్కడివాళ్ళు చెబుతారు. పశ్చిమబెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలో ఏకచక్ర అనే పేరుతో ఒక ఊరే ఉంది.

ఇక మా వంతు. ఖరగ్‌పూర్ నుంచి ఆద్రా వెళ్ళే లైన్లో మిడ్నాపూర్, శాల్‌బనీ, చంద్రకోనా రోడ్ దాటాక గడ్‌బేతా స్టేషన్ వస్తుంది. ఇక్కడి నుంచి అరవై కిలోమీటర్ల పైచిలుకు. ఆ ఊరి పక్కన శిలావతి నది (స్థానికులు శిలాయి అంటారు) ఒడ్డున గన్‌గని అనే చోటుంది. నిప్పుల గురించి మనం 'కణకణ' అంటామే, బెంగాలీలో అలాంటి మాట 'గన్‌గనే'. సాయంత్రప్పూట వెళ్ళి చూస్తే పేరు ఎంత అతికినట్టుందో తెలుస్తుంది. ఎర్రటి గోడలు, వాటి మధ్య ఇరుకు సందులు, గుహల్లాంటి తొర్రలు, గోపురాల్లాంటి దిబ్బలు, నెత్తిన రాతి పలక పెట్టుకుని నిలబడ్డ మట్టి స్తంభాలు. పైనుంచి కింద నది దాకా సుమారు డెబ్భై అడుగుల దిగుడు. భీముడూ బకాసురుడూ కొట్టుకున్నది ఇక్కడేనట. వాళ్ళు దొర్లి, తన్నుకుని, గుద్దుకోవడం వల్ల నేల ఇలా చీలిపోయిందట.

కథకి తోడుగా ఇంకో కథ కూడా ఉంది. మా ఖరగ్‌పూర్‌లోనే, ఇందా వైపు ఖడ్గేశ్వరుడి గుడి ఉంది. ఊరికా పేరు ఆ గుడి నుంచే వచ్చిందని చెబుతారు. ఆ ప్రాంతమే హిడింబాసురుడి అడవి అని ఒక నమ్మకం. భారతంలో ముందు హిడింబుడు చస్తాడు, తర్వాత బకాసురుడు. కాబట్టి భీముడు ముందు ఖరగ్‌పూర్‌లో దిగి ఆ పని చూసుకుని, ఆపైన ఆద్రా లైన్లో గడ్‌బేతా వెళ్ళాడన్నమాట! వరస కుదిరింది కదా అంటారు మిత్రులు. కానీ హిడింబకి మనాలీలో 1553లో కట్టిన గుడి ఉంది. నాగాలాండ్‌లో దీమాపూర్ పేరు హిడింబాపురం నుంచే వచ్చిందని అక్కడ కొందరంటారు. వరస కుదరడం కథకుడి నేర్పు. సాక్ష్యం కాదు.

ఈ వ్యాసం రాసేది భీముణ్ణి వెక్కిరించడానికి కాదు. మన హేతువాద మిత్రుల్లో కొందరికి ఒక అలవాటుంది. 'అదంతా పుక్కిటి పురాణం' అనేసి, చేతులు దులుపుకుని, టీ తాగడానికి వెళ్ళిపోతారు. పని అక్కడితో అయిపోయిందనుకుంటారు. నా లెక్కలో అప్పటికి సగం పని కూడా కాలేదు. భీముడు కాదు సరే, మరి ఎవరు? ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేనివాడికి భీముణ్ణి తోసేసే హక్కు పెద్దగా లేదు.

ముందు కథ కట్టినవాణ్ణి కాస్త గౌరవిద్దాం. అతను మంచి పరిశీలకుడు. చుట్టూ పదుల మైళ్ళ దూరం చదునైన నేల, సాల అడవులు, పొలాలు. మధ్యలో ఒక్కచోట నేల ఇలా చీలికలు పేలికలై ఉంది. ఇది మామూలు సంగతి కాదనీ, దీనికి కారణం ఉండి తీరాలనీ అతనికి తోచింది. కారణం వెతకడమే విజ్ఞానానికి మొదటి మెట్టు. తనకు తెలిసిన బలాల్లో ఇంత పని చెయ్యగలది భీముడి బలం ఒక్కటే. కాబట్టి భీముడన్నాడు. రెండో మెట్టు ఎక్కలేదంతే. రెండో మెట్టేమిటంటే, 'నేను చెప్పిన కారణమే నిజమైతే ఇంకా ఏమేం కనిపించాలి?' అని అడగడం.

ఇలాంటి పరిశీలకులు ప్రపంచమంతా ఉన్నారు. ఉత్తర ఐర్లండ్ సముద్రతీరంలో జెయింట్స్ కాజ్‌వే అని ఒక చోటుంది. ఎవరో ఉలితో చెక్కి పేర్చినట్టు, ఎక్కువగా ఆరు పలకల రాతి స్తంభాలు సుమారు 40,000. ఫిన్ మెకూల్ అనే రాక్షసుడు స్కాట్లండ్ రాక్షసుడితో తలపడటానికి సముద్రం మీద వేసిన దారి అది, అని అక్కడి కథ. నవ్వకండి. సముద్రానికి అవతల, స్కాట్లండ్‌కి చెందిన స్టాఫా దీవిలో, సరిగ్గా అలాంటి స్తంభాలే ఉన్నాయి. కథ కట్టినవాడికి ఆ సంగతి తెలుసు. రెండు ఒడ్డుల్లో ఒకే రాయి ఉందంటే మధ్యలో సంబంధం ఉండాలనుకున్నాడు. సంబంధం నిజంగానే ఉంది. ఆరు కోట్ల ఏళ్ళ కిందట ఆ ప్రాంతమంతా పొంగిన లావా చల్లారి, కుంచించుకుపోతూ, ఎండిన చెరువు మట్టి బీటలు వారినట్టు పలకలు పలకలుగా పగిలింది. పరిశీలన సరైనదే. ముగింపు తప్పు.

సరే, గన్‌గనికి వద్దాం. ఆ ఎర్రరాయిని లాటరైట్ అంటారు. దానికా పేరు పెట్టినవాడు ఫ్రాన్సిస్ బుకనన్ అనే స్కాట్లండ్ వైద్యుడు. శ్రీరంగపట్నంలో టిప్పు పడిపోయాక, 1800-01లో కంపెనీ తరఫున మైసూరు, కెనరా, మలబారు ప్రాంతాలు తిరిగాడు. కేరళలో అంగాడిపురం దగ్గర జనం ఒక మెత్తటి ఎర్రరాతిని నేల నుంచి దిమ్మలుగా కోసుకుని, ఎండకీ గాలికీ వదిలేస్తే అది గట్టిపడి ఇటుకలా అయిపోవడం చూశాడు. 1807లో అచ్చయిన పుస్తకంలో దానికి లాటరైట్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో 'లేటర్' అంటే ఇటుక. ఆ రాయి మాకిక్కడ కొత్త కాదు. ఖరగ్‌పూర్ నుంచి కేశియాడీ వైపు వెళితే గగనేశ్వర్ అనే పల్లెలో కురుంబేరా కోట ఉంది. ఆ ప్రాకారం, ఆ స్తంభాల వరస అంతా ఈ రాయే. మన తెలంగాణ వాళ్ళు మొరం అనేది, ఇక్కడి బెంగాలీలు కూడా మొరామ్ అనేది, దీని నలిగిన రూపమే. మా రైల్వే కాలనీ అంతా మొరం నేల మీదే లేచింది.

ఇది ఎలా తయారవుతుంది? బాగా వేడి, బాగా వాన, మధ్యలో బాగా ఎండిపోయే కాలం, ఈ మూడూ కావాలి. వాననీరు నేలలోకి దిగుతూ రాతిలోని సున్నం, సోడియం, పొటాషియం, సిలికా లాంటివాటిని కొంచెం కొంచెం కరిగించి పట్టుకుపోతుంది. అంత సులువుగా కరగనివి ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు. అవి మిగిలిపోతాయి. ఇలా లక్షల ఏళ్ళు సాగితే పైన ఇనుము పేరుకున్న గట్టి ఎర్ర పెచ్చు, దాని కింద ఎరుపు తెలుపు మచ్చల పొర, ఇంకా కింద తెల్లటి మెత్తని సుద్దమన్ను. గట్టిది పైన, మెత్తది కింద. గన్‌గని రహస్యమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. వాననీరు పై పెచ్చు పగుళ్ళలోంచి దిగి, కింది మెత్తని మట్టిని తోడేస్తుంది. ఆధారం పోయిన పెచ్చు విరిగి పడుతుంది. అడుగున శిలావతి వంపు తిరిగి ఆ గట్టునే ఒరుసుకుంటూ పారుతుంది. పడ్డ మట్టిని ఎప్పటికప్పుడు ఎత్తుకుపోతుంది. ఎక్కడైనా పెచ్చు ముక్క గొడుగులా నిలిస్తే దాని కింది మట్టి స్తంభమై మిగులుతుంది.

ఇది నమ్మడానికి గడ్‌బేతా దాకా పోనక్కర్లేదు. చూరు నీళ్ళు పడే చోట మొరం నేలని జోరు వాన తర్వాత వంగి చూడండి. చిన్న చిన్న గులకరాళ్ళు, ఒక్కోటీ అంగుళం ఎత్తు మట్టి స్తంభం మీద నిలబడి ఉంటాయి. చుట్టూ మట్టి కొట్టుకుపోయింది, రాయి కాచినంత మేర మిగిలింది. మీ గుమ్మం ముందు గన్‌గని!

మా నాన్న రైల్వేలో పర్మనెంట్ వే గ్యాంగులో పనిచేశారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికి తరలివచ్చి ఇక్కడే ఉండిపోయిన వేలాది కుటుంబాల్లో మాదొకటి. వానాకాలం వస్తే గ్యాంగువాళ్ళకి ఒక పెద్ద పని ఉండేది, 'రెయిన్ కట్లు' పూడ్చడం. ఎత్తైన రైలు కట్ట మీద పడ్డ వాన, కట్ట వాలు మీదుగా దిగేటప్పుడు ముందు వేలెడు గాడి పెడుతుంది. పట్టించుకోకపోతే మూరెడవుతుంది. ఇంకా పట్టించుకోకపోతే పట్టాల కింద కట్ట ఉండదు, పట్టాలు గాల్లో వేలాడతాయి. అందుకే వానాకాలం రాత్రుళ్ళు లాంతరు పట్టుకుని లైను వెంట నడిచేవాళ్ళు. మా నాన్న దేవుణ్ణి నమ్మేవారు, భారతం నమ్మేవారు. గన్‌గని చూసి దండం కూడా పెట్టారు. పెట్టి, పక్కనున్న నాతో అన్న మాట మాత్రం ఇది: "ఇక్కడ గ్యాంగు లేదురా, అందుకే ఇంత రెయిన్ కట్టు." ఏ పాఠ్యపుస్తకమూ దాన్ని ఇంతకంటే బాగా చెప్పలేదు నాకు.

ఇప్పుడు ఆ రెండో మెట్టు ఎక్కుదాం. రెండు సిద్ధాంతాలు పక్కపక్కన పెట్టి, ఏది నిజమైతే ఏం కనిపించాలో రాసుకుందాం. ఇద్దరు మల్లులు దొర్లడం వల్ల నేల చీలిందనుకోండి. మట్టి పొరలు కిందామీదా కలగాపులగం కావాలి. నీళ్ళు కోశాయనుకోండి. సందుకి ఇటు గోడలో ఉన్న పొర, అటు గోడలో అదే ఎత్తున కొనసాగాలి, కేకు మధ్యలో కత్తి దింపినట్టు. మల్లులైతే సందులు ఎటుపడితే అటు ఉండాలి. నీళ్ళయితే అన్నీ చివరికి నది వైపే దిగాలి. మల్లులైతే ఇలాంటిది భీముడు తిరిగిన చోటే ఉండాలి. నీళ్ళయితే ఇదే మట్టి, ఇదే వాన ఉన్న ప్రతిచోటా ఇలాంటిదే ఉండాలి.

మూడూ చూసుకోవచ్చు. పొరలు అటూ ఇటూ కలుస్తున్నాయి. సందులన్నీ శిలావతి వైపే దిగుతున్నాయి. మూడోదానికి శాంతినికేతన్ వెళ్ళాలి. అక్కడి ఎర్రనేలలో కోపాయ్ నది పక్కన ఇలాంటి కోతలే ఉన్నాయి, వాటిని ఖోయాయ్ అంటారు. అక్కడ పేరుకెక్కినవాడు రవీంద్రుడు, భీముడు కాదు.

మన వైపు చెప్పాలంటే విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య ఎర్రమట్టి దిబ్బలు. చూడ్డానికి గన్‌గనికి అక్కలా ఉంటాయి. కానీ పుట్టుక వేరు. అది లాటరైట్ కాదు. సముద్రం వెనక్కి తగ్గిన రోజుల్లో గాలి తెచ్చి పోసిన ఇసుక దిబ్బలు. తర్వాత ఇసుకలోని ఇనుము ఖనిజాలు తుప్పుపట్టి ఎర్రబడ్డాయి. ఆ తర్వాత వాన కోసింది. వయసు మహా అయితే కొన్ని పదివేల ఏళ్ళు, అంటే భూమి లెక్కలో నిన్నమొన్నటివి. భూగర్భ సర్వే సంస్థ 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025లో తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. రెండు చోట్లా వేరు వేరు మట్టి, వేరు వేరు పుట్టుక, కోసిన కత్తి మాత్రం ఒకటే. నీటి సిద్ధాంతానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏం కావాలి?

పోయిన జనవరిలో మా కాలనీ తెలుగు పిల్లలు పన్నెండు మందిని వెంటేసుకుని పొద్దున్న పాసింజరులో గన్‌గని వెళ్ళాను. వాళ్ళతో ఒక మామ్మగారు కూడా వచ్చారు. మథురాకాటిలో ఉంటారు, పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో పల్లె. దారిలో ఆవిడే పిల్లలకి బకాసురుడి కథ చెప్పారు. ఎంత బాగా చెప్పారంటే, పెట్టెలో అటుపక్క కూర్చున్న బెంగాలీ కుటుంబం కూడా అర్థం కాకపోయినా అటే చూస్తూ కూర్చుంది. నేను మధ్యలో మాట్లాడలేదు. కథ చెప్పేటప్పుడు మధ్యలో దూరేవాడు హేతువాది కాదు, చాదస్తుడు.

అక్కడికి వెళ్ళాక పిల్లలకి ఒక్క పని అప్పజెప్పాను. ఒక గోడలో కనిపించే గీతలు కాగితం మీద గీయండి, ఎదురుగోడవి కూడా గీయండి, కలుస్తాయో లేదో మీరే చెప్పండి. అరగంట కుస్తీ పట్టాక ఒక అమ్మాయి అంది, "అంకుల్, కొట్టుకుంటే గీతలు చెదిరిపోవాలి కదా, ఇవి చెదరలేదు." నేను భీముడి మాటే ఎత్తలేదు. ఆ అమ్మాయే ఎత్తింది, ఆ అమ్మాయే తేల్చింది.

ఇంతలో ఒక కుర్రాడు ఫోను పట్టుకుని అంచు కొసకి వెళ్ళి నిలబడ్డాడు, ఫోటో కోసం. గట్టిగా కేకేస్తే తుళ్ళి పడతాడేమోనని మెల్లగా పిలిచి వెనక్కి రప్పించాను. తిట్టలేదు. అందరినీ మెట్ల మీదుగా కిందికి తీసుకెళ్ళి, వాడు నిలబడ్డ చోటుని కింది నుంచి చూపించాను. పైన జానెడు మందం పెచ్చు, దానికి వేలాడుతున్న గడ్డి వేళ్ళు, కింద రెండడుగుల మేర ఏమీ లేదు, గాలి. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "ఇది ఎప్పుడు పడుద్ది అంకుల్?" "వచ్చే వానాకాలం పడొచ్చు, పదేళ్ళకి పడొచ్చు. పడటం మాత్రం ఖాయం," అన్నాను.

నాకు భీముడి కథతో ఉన్న అసలు గొడవ ఇదీ. కథ అబద్ధమని కాదు. కథలో పని అయిపోయింది. ఎప్పుడో ద్వాపరయుగంలో ఒక మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి ముగిసింది. ఇప్పుడు మిగిలింది చూడ్డానికొక బొమ్మ. దాని మీద ఎక్కచ్చు, దిగచ్చు, పేర్లు చెక్కచ్చు, అంచు మీద నిలబడి ఫోటో తీసుకోవచ్చు. రాయి చెప్పే కథలో పని ఇంకా నడుస్తోంది. మనం నిలబడ్డ చోటే నడుస్తోంది. మొదటి కథ నమ్మినవాడు అంచుకి వెళతాడు. రెండో కథ తెలిసినవాడు రెండడుగులు వెనక్కి వేస్తాడు. ఏ కథ నిజమన్నది పండితుల చర్చ మాత్రమే కాదు, ఆ కుర్రాడి ప్రాణం కూడా.

ఒక్క గన్‌గని సంగతే కాదు. అక్కడ కోసిన మట్టి ఎక్కడికో పోవాలి కదా. శిలావతి ఘాటాల్ దగ్గర ద్వారకేశ్వర్‌తో కలిసి రూపనారాయణ్ అవుతుంది. ఏటా వరదలతో అల్లాడే ఊరు ఆ ఘాటాల్. పైన నేల కోసుకుపోవడం, కింద నది పూడిపోవడం వేరువేరు వార్తలు కావు. అలాగే, ఎర్రమట్టి దిబ్బలు పక్కనున్న నేలతో, పడే వానతో, గెడ్డలతో కలిసి బతుకుతున్న ప్రక్రియ అని తెలిసినవాడికే, 2024లో దిబ్బల చేరువలో జరిగిన తవ్వకాలు చూసి గుండె గుభేలంటుంది. అది పాతకాలం బొమ్మ అనుకునేవాడు, బొమ్మకి కంచె వేసి పక్కన తవ్వుకుంటే ఏం పోయింది అంటాడు.

అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక కొండకొమ్ము పక్కనుంచి చూస్తే ముసలాయన మొహంలా ఉండేది. ఆ రాష్ట్రానికి అదే గుర్తు. 2000లో నాణెం మీద కూడా వేసుకున్నారు. పడిపోకుండా ఏళ్ళ తరబడి ఇనుప తాళ్ళతో బిగించి కాపాడారు. 2003 మే 3న కూలిపోయింది. రాతి పగుళ్ళలో చేరిన నీరు గడ్డకట్టినప్పుడల్లా ఉబ్బి రాతిని పెళ్ళగిస్తుంది. నాణెం మీది మొహం ఆ పని నుంచి కొండని కాపాడలేకపోయింది.

ఈ కాలానికి ఇంకో రకం పురాణం కూడా తయారైంది. గన్‌గనిని 'బెంగాల్ గ్రాండ్ కేన్యన్' అంటారు. కడప జిల్లాలో పెన్నా నది కోసిన గండికోటని 'ఇండియా గ్రాండ్ కేన్యన్' అంటారు. అసలు గ్రాండ్ కేన్యన్ పొడవు 446 కిలోమీటర్లు, లోతు ఒకటిన్నర కిలోమీటరు పైమాటే. డెబ్భై అడుగుల గన్‌గనికి ఆ పేరు తగిలించడం భీముణ్ణి తగిలించడం లాంటిదే. మన చోటుకి దాని సొంత విలువ లేదన్నట్టు పెద్దింటి చుట్టరికం కలపడం. తమాషా ఏమిటంటే, అసలు గ్రాండ్ కేన్యన్‌లో విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్ అనే శిఖరాలున్నాయి. అడుగున ఉన్న 170 కోట్ల ఏళ్ళ పైబడిన రాతికి పేరు విష్ణు షిస్ట్. 19వ శతాబ్దంలో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడి శిఖరాలకి తూర్పుదేశాల దేవుళ్ళ పేర్లు పెట్టడంతో మొదలైన ఆనవాయితీ అది. పేరు చూసి 'అమెరికాలో మన విష్ణాలయం' అని సందేశాలు పంపుకునేవాళ్ళు దాన్నెవరు ఎప్పుడు పెట్టారో కనుక్కోరు. పేరు రాయితో పుట్టదు. మనిషి పెడతాడు.

అలాగని ఇది మన దేశపు జబ్బు మాత్రమే అనుకోకండి. జెయింట్స్ కాజ్‌వే దగ్గర 2012లో తెరిచిన సందర్శకుల కేంద్రంలో, భూమి వయసు కొన్ని వేల ఏళ్ళేనన్న బైబిల్‌వాదుల అభిప్రాయాన్ని కూడా చర్చలో ఒక పక్షంలా వినిపించారు. శాస్త్రవేత్తలు, హేతువాదులు అభ్యంతరం చెప్పాక ఆ ఏడాదే మార్చారు. గమనించండి, ఫిన్ మెకూల్ కథ మీద ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎందుకంటే అక్కడ అది కథగానే ఉంది. కథని కథగా చెబితే గొడవ లేదు. కథకి శాస్త్రం పక్కన కుర్చీ వేసినప్పుడే గొడవ.

ఇక మామ్మగారి దగ్గరికి వస్తాను. తిరుగు రైల్లో ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాటన్నారు. నన్ను చాలాకాలం వేధించిన మాట.

"నువ్వు సెప్పింది బాగుంది బాబూ, కాదన్ను. కానీ ఈ పిల్లలు బడిలో ఇంగ్లీషు, వీధిలో బెంగాలీ, హిందీ. ఆళ్ళకి తెలుగులో తెలిసినియ్యి ఈ కతలే కదేటి. అయ్యి కూడా ఉత్తివే అనీసి తీసేస్తే, ఆళ్ళకి తెలుగని ఇంకేటుంటాది?"

దీనికి సభల్లో చెప్పే జవాబులు నా దగ్గర చాలా ఉన్నాయి. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది అనొచ్చు. అది మామ్మగారి ప్రశ్నకి జవాబు కాదు. ఆవిడ భయం న్యాయమైనది. నాలుగు తరాల కిందట వచ్చిన వాళ్ళం. తెలుగు చదవడం రాయడం మా పిల్లల్లో చాలామందికి రాదు. వాళ్ళ తెలుగు వంటింట్లోది, పండక్కి పాడుకునేది, ముసలాళ్ళు చెప్పే కథల్లోది. అదొక్కటీ నేను తెంపితే నష్టం వాళ్ళకే. కాబట్టి వాదించలేదు. ఒక ప్రశ్న అడిగాను. "మామ్మగారూ, మీ ఊళ్ళో నీళ్ళు ఇలా నేలని కోసేస్తే ఏమనేవారు?"

"ఏటంటారు, గెడ్డ కోసీసింది అంటారు," అన్నారు. అని ఆగలేదు. వాళ్ళ ఊరి గెడ్డ గురించి మొదలుపెట్టారు. ఒక ఏడు వానకి గట్టు జారిందట. మరుసటేడు గట్టు మీది తాటిచెట్లు పోయాయట. మూడో ఏడు వాళ్ళ మడిలో సగం గెడ్డలో కలిసిపోయిందట. గెడ్డ మలుపు తిరిగే చోట బయటి గట్టునే తింటుందనీ, లోపలి గట్టు మీద ఇసుక వేస్తుందనీ, అందుకే బయటి గట్టు పక్కన మడి ఎవరూ కొనరనీ, గడ్డి మొలిచిన గట్టు నిలుస్తుందనీ, పశువులు తొక్కిన దారి ముందు తెగుతుందనీ. మడి పోయాకే వాళ్ళాయన ఖరగ్‌పూర్ రైల్వేకొచ్చారట.

నేను నోరు మూసుకుని విన్నాను. పిల్లలు కూడా విన్నారు. నది వంపులో కోత బయటి గట్టుకే ఎందుకు పడుతుందో చెప్పడానికి భూగోళం పాఠంలో బొమ్మ గీస్తారు. ఆవిడ మడి పోగొట్టుకుని నేర్చుకున్నారు. అదంతా తెలుగులోనే ఉంది. గెడ్డ, గట్టు, మడి, మేట, కోత, గండి, ఒండ్రు. బకాసురుడి కథకంటే పాతదో కొత్తదో గానీ, అంతే అచ్చతెలుగు. మన భాషలో ఉన్నది పురాణాలు మాత్రమే, శాస్త్రం ఇంగ్లీషులోంచి దిగుమతి కావాల్సిందే అని మామ్మగారూ అనుకున్నారు, మన హేతువాద మిత్రులూ అనుకుంటారు. ఇద్దరికీ మధ్య ఉన్న ఏకాభిప్రాయం అదొక్కటే.

గన్‌గని ముందు నిలబడి పిల్లలకి లాటరైట్, ఎరోజన్ అని చెబుతుంటే కళ్ళు తేలేశారు. "గెడ్డ కోసీసింది" అన్న ఒక్క మాటతో తిరుగు ప్రయాణంలో అందరికీ బోధపడింది. గీతలు చూసి తేల్చిన ఆ అమ్మాయి తన కాగితం మీద ఆ మాట రాసిపెట్టమంది. నేను తెలుగులో రాసిచ్చాను, పక్కన తను బెంగాలీ లిపిలో రాసుకుంది.

ఈసారి వానలు తగ్గాక మళ్ళీ వెళదామనుకుంటున్నాం. మామ్మగారూ వస్తామన్నారు. వెళ్ళేటప్పుడు బకాసురుడు ఆవిడ వంతు, వచ్చేటప్పుడు గెడ్డ కూడా ఆవిడ వంతే. నా వంతు టేపు పట్టుకోవడం. జనవరిలో మేం కొలిచి రాసుకున్న చోట్లు నాలుగున్నాయి. అంచు నుంచి దగ్గర్లోని చెట్టుకి ఎన్ని అడుగులో కొలిచి చూస్తే, ఒక్క వానాకాలంలో అంచు ఎంత వెనక్కి జరిగిందో పిల్లలకి వాళ్ళ లెక్కలోనే తెలుస్తుంది. మీలో ఎవరైనా భీమిలి దగ్గర ఉంటే ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఈ పని మొదలుపెట్టండి. దిబ్బ ఎక్కక్కర్లేదు, దూరం నుంచి, ఒకే చోట నిలబడి, వానలకి ముందొక ఫోటో, తర్వాతొక ఫోటో. ఇంటికెళ్ళి రెండూ పక్కపక్కన పెట్టి ఏం మారిందో పిల్లల్నే అడగండి.